సెలవుల్లో చదవవలసిన న్యాయశాస్త్రం

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మన పెద్దల మాట. ఓరుగల్లులో అది అతిశయోక్తి అనిపించదు. చుట్టూ రాతి గుట్టలు. పగలంతా తాగిన ఎండను అవి రాత్రి దాకా వదలవు. కాలేజీ గదులకు తాళాలు పడతాయి, హాస్టళ్ళు ఖాళీ అవుతాయి, విద్యార్థి మిత్రులు ఊళ్ళకు పోయి పెళ్ళిళ్ళకూ మామిడికాయ తొక్కులకూ అందుబాటులోకి వస్తారు. చదువు కూడా వాళ్ళతోపాటే సెలవు మీద పోతుందని లోకం అనుకుంటుంది. తక్కిన శాస్త్రాల సంగతి నేను చెప్పలేను గాని, న్యాయశాస్త్రం చదివేవాడికి ఈ రోజులు చాలా విలువైనవి. తరగతి గదిలో చెప్పడానికి వీలుకాని పాఠం ఒకటి ఈ రోజుల్లోనే నేర్చుకోవలసి ఉంటుంది. ఆ పాఠం ఏమిటో, అది ఎక్కడెక్కడ దొరుకుతుందో విద్యార్థి సంఘం వారి ఈ వార్షిక సంచిక ద్వారా నాలుగు మాటలు మనవి చేస్తాను.

సెలవులు ఇచ్చేముందు ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "సార్, సెలవులల్ల ఏం చదవాలె?" నేను నాలుగు పుస్తకాలు, రెండు సినిమాలు చెబుతాను. వెంటనే రెండో ప్రశ్న: "అవి పరీక్షల వస్తయా సార్?"

రావు. కాని పరీక్షలో వచ్చేది మాత్రమే చదివినవాడికి ఏమవుతుందో ఈమధ్యనే మనం కళ్ళారా చూశాం. 1860 నాటి భారత శిక్షాస్మృతి, 1872 నాటి సాక్ష్యాధారాల చట్టం, 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, ఈ మూడూ 2024 జులై 1న ఒక్కసారిగా పక్కకు తప్పుకున్నాయి. వాటి స్థానంలో భారతీయ న్యాయ సంహిత, భారతీయ సాక్ష్య అధినియమ్, భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చాయి. హత్యకు శిక్ష చెప్పే 302వ సెక్షన్ 103 అయింది. జనం నోట తిట్టుగా స్థిరపడిన 420 కూడా 318లోకి పోయింది. నంబర్లు కంఠస్థం చేసినవాడి చదువు రాత్రికి రాత్రి పాతబడింది. హత్య అంటే ఏమిటి, ఉద్దేశం అంటే ఏమిటి, ఒక మనిషి మాటను ఎప్పుడు నమ్మాలి అని ఆలోచించి చదివినవాడికి పెద్దగా నష్టం జరగలేదు. ఆ ప్రశ్నలు ఎట్లా ఉన్నవి అట్లాగే ఉన్నాయి.

రేపు మీరు నల్లకోటు వేసుకుని కోర్టు ఆవరణలో చెట్టు కింద నిలబడ్డప్పుడు మీ దగ్గరికి వచ్చే మనిషి సెక్షన్ నంబరు చెప్పడు. చేతిలో ఒక నలిగిన నోటీసు, నోట్లో వరుస తప్పిన కథ, అంతే. ఎక్కడో మొదలుపెడతాడు. మేనమామ సంగతి చెబుతాడు, ఎద్దు చచ్చిన సంగతి చెబుతాడు, మధ్యలో కళ్ళు తుడుచుకుంటాడు. అసలు విషయం చిట్టచివర చెబుతాడు, ఒక్కోసారి చెప్పనే చెప్పడు. ఆ కథలో కేసు ఎక్కడుందో విని పట్టుకోవడమే వకీలు పని. ఇరుపక్షాల మాట వినకుండా తీర్పు చెప్పరాదన్నది సహజ న్యాయసూత్రాల్లో ఒకటి అని మేం మొదటి సంవత్సరంలోనే చెబుతాం. వినడం ఎట్లాగో మాత్రం చెప్పం. నా వేసవి చదువూ, నేను చూసే సినిమాలూ, వినే పాటలూ అన్నీ ఈ వినడం చుట్టూ తిరుగుతుంటాయి.

రాతి మీద మాట, పద్యంలో స్మృతి

ఎండ ముదరకముందు, ఉదయం పూట పరిశోధన. ఈ వేసవిలో నేను ముందు వేసుకుని కూర్చున్నది మోటుపల్లి శాసనం. మన ఓరుగల్లు ఏలిన కాకతీయ గణపతిదేవుడు 1244-45 ప్రాంతంలో తూర్పుతీరాన మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం అది. సంగతి ఇది: సరుకుతో బయల్దేరిన ఓడ తుఫానులో చిక్కి, పగిలి, పరాయి ఒడ్డుకు కొట్టుకువస్తే అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు సమస్తం ఆ ఒడ్డు ఏలే రాజులు బలవంతంగా లాక్కునేవారు. తాను అట్లా చేయనని, నిర్ణయించిన సుంకం తప్ప తక్కినదంతా యజమానులకే వదిలిపెడతానని గణపతిదేవుడు రాయి మీద చెక్కించాడు. ప్రాణం కంటే ధనమే ఎక్కువని సముద్రం మీద సాహసించే వర్తకుల పట్ల దయతో ఈ పని చేస్తున్నానని కారణం కూడా చెప్పాడు. గంధం, కర్పూరం, ముత్యాలు, ఏనుగు దంతం, మిరియాలు... ఏ సరుకుకు ఎంత సుంకమో పట్టిక కూడా ఉంది.

చరిత్ర విద్యార్థి దీన్ని విదేశీ వర్తకానికి నిదర్శనంగా చదువుతాడు. మనం అడగవలసిన ప్రశ్నలు వేరు. ఇది చట్టమా, వాగ్దానమా? రాజు తన చేతులను తానే కట్టుకున్నాడు సరే, రేపు మాట తప్పితే అడిగే దిక్కెవరు? ఇదే తరహా ప్రశ్న 1978 డిసెంబరులో మోతీలాల్ పదంపత్ షుగర్ మిల్స్ కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. కొత్త పరిశ్రమకు అమ్మకపు పన్ను మినహాయిస్తామని ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం హామీ ఇచ్చింది. ఆ హామీ నమ్మి కంపెనీ వనస్పతి ఫ్యాక్టరీ పెట్టింది. ఆ తర్వాత ప్రభుత్వం వెనక్కి తగ్గింది. మాట నమ్మి అడుగు వేసినవాణ్ణి నట్టేట ముంచడం ప్రభుత్వానికైనా కూడదని కోర్టు అన్నది. ప్రామిసరీ ఎస్టాపెల్ అని మీరు బట్టీపట్టే సూత్రం ఇదే. ఆనాటి వర్తకుడు రాజు దయను నమ్ముకున్నాడు, ఈనాటి వర్తకుడు కోర్టు తలుపు తట్టగలడు. రాచరికానికీ రాజ్యాంగానికీ ఉన్న తేడాను నేను ఇంతకంటే తేలిగ్గా చెప్పలేను.

రెండోది కేతన రచించిన విజ్ఞానేశ్వరీయం. తిక్కన కాలపు కవి కేతన 13వ శతాబ్దంలోనే, యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్యను ఆధారం చేసుకుని ధర్మశాస్త్రాన్ని తెలుగు పద్యాల్లో పెట్టాడు. చట్టం తెలుగులో చెప్పడం కుదురుతుందా అని సందేహించేవారికి అది ఏడు వందల ఏళ్ళ కిందటి సమాధానం. ఆ మితాక్షర ప్రకారం ఉమ్మడి ఆస్తిలో కొడుక్కు పుట్టుకతోనే హక్కు వస్తుంది, కూతురికి రాదు. ఈ గీత చెరపడానికి ఎంతకాలం పట్టిందో చూడండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన సవరణ, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేటట్టు, అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకు కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చింది. 2005లో పార్లమెంటు ఆ హక్కును దేశమంతటా కూతుళ్ళకు ఇచ్చింది. 2005 సవరణ నాటికి తండ్రి బతికి లేకపోయినా కూతురి హక్కు పోదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. పాత గ్రంథం తెలిసినవాడికి ఈ తేదీలు బట్టీపట్టే పని ఉండదు, వాటంతట అవే గుర్తుంటాయి. సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు మీ మేనత్తలను అడిగి చూడండి, పంపకాల కాగితం మీద వాళ్ళ చేత సంతకం ఎట్లా పెట్టించారో. అప్పుడు తెలుస్తుంది, చట్టం ఊరిదాకా ఎంత వచ్చిందో.

ఓడిన అభిప్రాయం

తీర్పులు చదివేటప్పుడు విద్యార్థులు మెజారిటీ అభిప్రాయం దగ్గర ఆగిపోతారు. సమయం తక్కువ, గైడు కూడా అంతే ఇస్తుంది. సెలవుల్లో ఆ వంక లేదు. ఓడిపోయిన జడ్జీ ఏమన్నాడో చదవండి.

ఖరక్ సింగ్ అనే మనిషిని 1941లో ఒక దోపిడీ కేసులో పెట్టారు. సాక్ష్యం లేదని వదిలేశారు. అయినా పోలీసులు అతని పేరిట హిస్టరీ షీటు తెరిచారు. అర్ధరాత్రి వచ్చి తలుపు కొట్టడం, నిద్ర లేపడం, పొరుగూరు పోతే ఎక్కడికి పోతున్నావని ఆరా తీయడం. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. ఆరుగురు జడ్జీలు. 1962 డిసెంబరు 18న మెజారిటీ వారు రాత్రిపూట ఇంటి మీదికి వచ్చే నిబంధనను మాత్రం కొట్టివేశారు. వ్యక్తి ఏకాంతం అనేది రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదన్నారు. జస్టిస్ కోకా సుబ్బారావు ఒప్పుకోలేదు. జస్టిస్ షా ఆయనతో కలిశారు. రాజమండ్రిలో పుట్టి, మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన సుబ్బారావు గారు, చేతులకు బేడీలు లేనంత మాత్రాన నిఘా కింద బతికేవాడు స్వేచ్ఛగా ఉన్నట్టు కాదని, ఏకాంతం వ్యక్తి స్వేచ్ఛలో భాగమేనని రాశారు. నలుగురి మాట చట్టమైంది, ఇద్దరి మాట పుస్తకంలో మిగిలింది.

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది జడ్జీలు ఏకగ్రీవంగా ఏకాంతం ప్రాథమిక హక్కేనని తీర్పు చెప్పారు. ఖరక్ సింగ్ మెజారిటీ ఆమేరకు చెల్లదన్నారు. సుబ్బారావు గారు 1976లోనే కాలధర్మం చెందారు. ఆయన మాట గెలవడానికి యాభై నాలుగేళ్ళకు పైగా పట్టింది. మధ్యలో ఎంతమంది ఇళ్ళ తలుపులు అర్ధరాత్రి మోగి ఉంటాయో ఆలోచించండి. ఒక మనిషి నిద్ర చెడడం చట్టపరమైన విషయమా అని ఆనాడు తీసిపారేసి ఉండవచ్చు. ఆయన దాన్ని విన్నారు. భిన్నాభిప్రాయ తీర్పు చదవని విద్యార్థికి నిన్నటి చట్టం తెలుస్తుందేమో గాని రేపటి చట్టం తెలియదు.

వకీలు చదవవలసిన కథలు

మధ్యాహ్నం వడగాడ్పు వేళ ఇల్లు కదలడానికి లేదు కనుక అప్పుడు సాహిత్యం. సాక్ష్యాధారాల పాఠానికి నేను సిఫారసు చేసే మొదటి పుస్తకం కన్యాశుల్కం. గురజాడ అప్పారావు గారి నాటకం 1892లో విజయనగరంలో మొదట ఆడారు, 1897లో అచ్చయింది, ఇప్పుడు మనం చదివే విస్తృతరూపం 1909 నాటిది. అందులో హాస్యం కోసం చదివేవారే ఎక్కువ. కథను కేసుగా చూడండి. కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి లుబ్ధావధాన్లకు పెళ్ళి చేస్తాడు. 'పెళ్ళికూతురు' మాయమవుతుంది. ముసలి మొగుడి మీద ఖూనీ కేసు పడుతుంది. చచ్చిన మనిషి లేడు, శవం లేదు, అసలు ఆ ఆడపిల్లే లేదు. కేసు మాత్రం ఉంది! శవం దొరకనప్పుడు హత్య రుజువవుతుందా అన్నది ఈనాటికీ పరీక్షలో ఇవ్వదగిన ప్రశ్న. రుజువు కావచ్చు, కాని చావు జరిగిందనడానికి తిరుగులేని సాక్ష్యం కావాలని 1981లో హిమాచల్ ప్రదేశ్ నుంచి వచ్చిన రామానంద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇక అదే నాటకంలో అగ్నిహోత్రావధాన్లు లాంటి వ్యాజ్యాల పిచ్చివాడూ ఉన్నాడు, సౌజన్యారావు పంతులు లాంటి వకీలూ ఉన్నాడు. నిజం మాత్రం కోర్టు బోనులో బయటపడదు, ఒక వేశ్య నోట బయటపడుతుంది. సాక్షి కులం, వృత్తి చూసి మాట కొట్టిపారేయవద్దని ఇంతకంటే గట్టిగా ఏ పాఠ్యపుస్తకం చెబుతుంది?

రెండోది రావిశాస్త్రి గారి ఆరు సారా కథలు. రాచకొండ విశ్వనాథశాస్త్రి గారు విశాఖపట్నంలో ప్లీడరు. మద్యనిషేధం రోజుల్లో సారా కేసుల్లో కోర్టు చుట్టూ తిరిగే బీదజనాన్ని దగ్గర నుంచి చూసినవారు. 'మాయ' కథలో ముద్దాయిగా వచ్చిన ఒక ఆడమనిషి కొత్త ప్లీడరుకు చట్టం ఎవరికి ఎట్లా పనిచేస్తుందో చెబుతుంది. క్లయింటు మాట్లాడుతున్నది, ప్లీడరు నేర్చుకుంటున్నాడు. ప్రాక్టీసు పెట్టబోయే ప్రతివాడూ ఆ కథ చదివిన తర్వాతే బోర్డు రాయించుకోవాలని నా కోరిక.

మనకు ఈ సంప్రదాయం కొత్త కాదు. ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాసి 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి పొందిన సురవరం ప్రతాపరెడ్డి గారు న్యాయవాది. మన మడికొండ కాళోజీ నారాయణరావు గారు న్యాయశాస్త్రం చదివినవారే. హనుమకొండలో బడి చదువు చదివిన పి.వి. నరసింహారావు గారు లా పట్టా పుచ్చుకుని, వేయిపడగలు నవలను సహస్రఫణ్ పేరుతో హిందీలోకి తెచ్చారు. హనుమకొండలోనే 1904లో వెలసిన రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం ఉంది. పుస్తకాలు దొరకవనే మాట మనం అనడానికి వీలులేదు.

తెర మీద కోర్టు

సాయంత్రం సినిమా. ముందుగా ఒక హెచ్చరిక: మన సినిమాల్లో జడ్జి గారు సుత్తితో బల్ల మీద కొడతారు, సాక్షి భగవద్గీత మీద చెయ్యి పెడతాడు. మన కోర్టుల్లో సుత్తి లేదు. 1969 నాటి ప్రమాణాల చట్టంలో గ్రంథం మీద చెయ్యి వేయాలన్న నియమమూ లేదు. ఇట్లాంటివి పట్టుకోవడం కూడా ఒక అభ్యాసమే. సరదాగా ఉంటుంది, ప్రొసీజరు వస్తుంది.

1957లో వచ్చిన ట్వెల్వ్ యాంగ్రీ మెన్ అనే అమెరికన్ చిత్రం చూడండి. 1986 నాటి హిందీ రూపం ఏక్ రుకా హువా ఫైస్లా కూడా ఉంది. ఒక కుర్రవాడి మీద హత్యానేరం. జ్యూరీలో పదకొండుగురు దోషి అంటారు, ఒక్కడు ఆలోచిద్దాం అంటాడు. చప్పుడు విని పదిహేను సెకన్లలో తలుపు దగ్గరికి వచ్చానన్న ముసలి సాక్షి కాలు ఈడ్చి నడిచేవాడు. ఆ దూరం నడిచి లెక్కగడితే సమయం చాలదు. కిటికీలోంచి చూశానన్న ఆవిడ ముక్కు మీద కళ్ళద్దాల గుర్తులున్నాయి. నిద్రమంచం మీద అద్దాలు పెట్టుకుందా? క్రాస్ ఎగ్జామినేషన్ మీద నేను నెల రోజులు చెప్పే పాఠం గంటన్నరలో ఉంది. మన దేశంలో జ్యూరీ సంగతి తెలుసుకోవాలంటే నానావతి కేసు చదవండి. బొంబాయిలో జ్యూరీ ఎనిమిది–ఒకటిగా నిర్దోషి అన్నది. సెషన్స్ జడ్జి ఒప్పుకోక హైకోర్టుకు నివేదించారు. హైకోర్టు వేసిన శిక్షను 1961 నవంబరులో సుప్రీంకోర్టు ఖాయం చేసింది.

మన నేల మీద సినిమా కావాలంటే మా భూమి ఉంది. కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో బి. నరసింగరావు గారు, జి. రవీంద్రనాథ్ గారు నిర్మించిన ఈ చిత్రం 1980లో విడుదలైంది. వెట్టి ఏమిటో నిర్వచనం చెప్పమంటే విద్యార్థులు రాజ్యాంగం 23వ అధికరణం అప్పజెబుతారు. ఈ చిత్రం చూసినవాడికి నిర్వచనంతో పనిలేదు. ఆ కళ్ళతోనే 1982 నాటి ఏషియాడ్ కార్మికుల కేసు చదవండి. కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకోవడం కూడా నిర్బంధ శ్రమేనని సుప్రీంకోర్టు అన్నది. కొరడా లేకపోయినా ఆకలి ఆ పని చేస్తుంది కనుక. దొర గడీ పోయినంత మాత్రాన వెట్టి పోయినట్టు కాదని ఆ తీర్పు సారాంశం.

2014 నాటి మరాఠీ చిత్రం కోర్ట్ మరో రకం. అందులో ఒక దళిత గాయకుడు ముద్దాయి. అతని పాట విని మురికికాలువలో పనిచేసే కూలీ ఆత్మహత్య చేసుకున్నాడని ఆరోపణ. పాత శిక్షాస్మృతిలో 306, ఇప్పటి సంహితలో 108. వాయిదా మీద వాయిదా. చనిపోయినవాడి భార్య బోనులోకి వచ్చి రెండు ముక్కల్లో చెప్పిన సమాధానాల్లో అసలు సంగతి ఉంది: అతనికి మాస్కులు లేవు, బూట్లు లేవు, కంపు భరించలేక తాగి దిగేవాడు. ప్రేరేపించింది పాటా, పనిముట్లు ఇవ్వనివాళ్ళా? ఆ సినిమాలో అరుపులు లేవు. నిజమైన కోర్టులో కూడా అన్యాయం చాలాసార్లు చప్పుడు లేకుండానే జరుగుతుంది.

పాటకు హక్కు ఎవరిది?

రాత్రి డాబా మీద మంచం వేసుకున్న తర్వాత సంగీతం. "సంగీతానికీ చట్టానికీ ఏం సంబంధం సార్" అంటారు. చాలా ఉంది.

1957 కాపీరైట్ చట్టంలో సంగీత రచన అంటే కాగితం మీద రాసిన లేదా అచ్చువేసిన స్వరం అని నిర్వచనం. మన గాయకుడు రాగం పాడేటప్పుడు కాగితం చూస్తాడా? ఒగ్గుకథ చెప్పేవాడి దగ్గర స్వరలిపి ఉంటుందా? పాశ్చాత్యుల అలవాటును మన నోటి మీద రుద్దిన చట్టం అది. 1977లో ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ కేసులో సుప్రీంకోర్టు, సినిమాకు డబ్బు తీసుకుని పని చేసిన సంగీత దర్శకుడి, గీత రచయిత హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, నిర్మాతకే చెందుతుందని చెప్పింది. జస్టిస్ కృష్ణయ్యర్ విడిగా ఒక చిన్న అనుబంధం రాస్తూ, పాడేవాడికి హక్కే లేకపోవడం మన సంగీత స్వభావానికి తగదని ఎత్తిచూపారు. 1994లో ఆ నిర్వచనం మారింది, ప్రదర్శకులకు హక్కు వచ్చింది. 2012 సవరణతో రచయితలకూ స్వరకర్తలకూ రాయల్టీ వదులుకోలేని హక్కు అయింది. నాకు తెలిసి, పాటను వినడం తెలిసిన జడ్జి గారే ఆ అనుబంధం రాయగలరు.

పాడకపోవడం కూడా హక్కు కావచ్చు. కేరళలో యెహోవా సాక్షుల మతానికి చెందిన ముగ్గురు పిల్లలు బడిలో జాతీయగీతం వేళ మర్యాదగా లేచి నిలబడ్డారు గాని, తమ విశ్వాసం ఒప్పుకోదని పాడలేదు. 1985లో బడిలోంచి వెళ్ళగొట్టారు. మన హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకు వెళ్ళిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి 1986 ఆగస్టు 11న ఆ పిల్లలను తిరిగి చేర్చుకోవాలని తీర్పు ఇచ్చారు. పాడి తీరాలని ఏ చట్టమూ చెప్పడం లేదు, నిలబడి గౌరవించారు, అంతకుమించి బలవంతం రాజ్యాంగానికి సమ్మతం కాదన్నారు. మౌనాన్ని కూడా విన్న తీర్పు అది. 2016 నవంబరులో సినిమాహాళ్ళలో జాతీయగీతం తప్పనిసరి అన్న సుప్రీంకోర్టే 2018 జనవరిలో దాన్ని ఐచ్ఛికం చేసింది. రెండు ఉత్తర్వులూ పక్కపక్కన పెట్టుకుని చదవండి.

ఇక మన మట్టెవాడ నేరెళ్ళ వేణుమాధవ్ గారు. 1932లో పుట్టి 2018లో కన్నుమూసిన ఆ ధ్వన్యనుకరణ సామ్రాట్టు ఒక్క గొంతుతో వందమందిని పలికించారు. ఆయన రికార్డు విన్నప్పుడల్లా నాకు సాక్ష్యాధారాల చట్టమే గుర్తుకొస్తుంది. టేపు మీద ఉన్న గొంతు ముద్దాయిదేనని ఎట్లా చెప్పగలం? గొంతు గుర్తుపట్టాలి, రికార్డులో చెరిపివేతలకు అవకాశం లేదని తేలాలి, సంభాషణ కేసుకు సంబంధించినదై ఉండాలి అని మల్కానీ కేసు మొదలు 1985 నాటి రామ్ సింగ్ కేసు దాకా కోర్టు చెబుతూ వచ్చింది. మేజిస్ట్రేటు గొంతు నమూనా ఇమ్మని ఆదేశించవచ్చని 2019లో రితేష్ సిన్హా కేసులో చెప్పింది. ఇప్పుడు కంప్యూటరే ఎవరి గొంతునైనా అనుకరిస్తున్నది. వేణుమాధవ్ గారు మనల్ని నవ్వించడానికి చేసింది రేపు ఎవరినో జైలుకు పంపడానికి ఎవరైనా చేయవచ్చు. కనుక చెవిని నమ్మండి, కాని పరీక్షించకుండా నమ్మకండి.

ఒక చిన్న ప్రణాళిక

ఇదంతా విని, "సార్, అంత టైము ఎక్కడిది" అంటే నా సలహా క్లుప్తం. ఒక్క తీర్పు మొదటి పేజీ నుంచి చివరి దాకా, భిన్నాభిప్రాయంతో సహా చదవండి; వాస్తవాలు ముందు మీ మాటల్లో తెలుగులో రాసుకోండి. ఒక్క నాటకమో కథల పుస్తకమో చదవండి. ఒక్క సినిమా రెండుసార్లు చూడండి: ఒకసారి ప్రాసిక్యూషన్ పక్షాన, ఒకసారి ముద్దాయి పక్షాన.

చివరిది అన్నిటికంటే ముఖ్యం. మీ ఊళ్ళో భూమి తగాదాలో కోర్టు చుట్టూ తిరిగిన పెద్దమనిషి ఒకరు తప్పక ఉంటారు. ఒక సాయంత్రం ఆయన అరుగు మీద కూర్చుని కథంతా వినండి, మధ్యలో ఆపకండి. ఇంటికొచ్చి ఆయన చెప్పిన వరుసలోనే ఒక కాగితం మీద రాయండి. మరో కాగితం మీద తేదీల వరుసలో రాయండి. రెండు కాగితాలకూ ఎక్కడ పొత్తు కుదరదో చూడండి. ఆయన ఎక్కడ ఎక్కువసేపు ఆగాడో, ఏ పేరు చెప్పకుండా దాటేశాడో గుర్తు చేసుకోండి. ప్లీడరు పని అక్కడ మొదలవుతుంది.

వినడం ఎంత పని చేయగలదో ఒక్క ఉదాహరణ చెప్పి ముగిస్తాను. 1979లో బీహారు జైళ్ళలో విచారణే మొదలుకాని ఖైదీలు, నేరం రుజువైతే పడే శిక్షకంటే ఎక్కువకాలం మగ్గుతున్నారని దినపత్రికలో వ్యాసాలు వచ్చాయి. పేపరు చదివినవాళ్ళు దేశంలో లక్షల మంది. కపిలా హింగోరాని అనే న్యాయవాది ఆ వార్తలు పట్టుకుని సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఆమె ఆ ఖైదీలను చూడలేదు, ఎవరూ ఆమెకు ఫీజు ఇవ్వలేదు. హుస్సేనారా ఖాతూన్ కేసుగా అది చరిత్రకెక్కింది. త్వరగా విచారణ జరగడం, బీదవాడికి ఉచితంగా వకీలు దొరకడం జీవించే హక్కులో భాగమయ్యాయి. ఎంతోమంది జైలు గేటు దాటి బయటికొచ్చారు. ఆ పేపరు ఆ ఉదయం మన ఇళ్ళలోకీ వచ్చే ఉంటుంది. కాలేజీ తెరిచేనాటికి మీ రెండు కాగితాలు పట్టుకుని రండి. మొదటి క్లాసు వాటి మీదే పెట్టుకుందాం.